లాభాల్లో ఉన్న కంపెనీకి ‘మార్కెట్ చాలదు’ అన్నారు – సీడ్ ఫండ్ల లెక్క ఎవరైనా విప్పి చెప్పండి

మిల్లు_కోడ్ (నిజామాబాద్)

అందరికీ నమస్కారం. మేం రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. కాటా మీద నుంచి లారీ బరువు నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. ధాన్యం రకం, తేమ, హమాలీ కూలి, బిల్లింగ్ అన్నీ ఒకేచోట ఉంటాయి. మిల్లర్లకు బాగా పనికొస్తున్నది మాత్రం సీఎంఆర్ (సర్కారు ధాన్యం ఆడించి బియ్యం తిరిగిచ్చే పద్ధతి) లెక్క. సర్కారు ధాన్యం ఎంత దిగింది, క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం చొప్పున ఇంకా ఎంత బాకీ ఉంది అన్నది రోజూ చూసుకోవచ్చు. మిల్లుకు ఏడాదికి రూ. 60,000 తీసుకుంటాం. ఏటా కోటిన్నర వస్తోంది, జీతాలు పోగా మిగులుతోంది.

ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మిల్లులకు వెళ్దామని రూ. 4 కోట్ల కోసం ఒక సీడ్ ఫండ్ (కొత్త కంపెనీల్లో మొదట్లోనే డబ్బు పెట్టి వాటా తీసుకునే సంస్థ) దగ్గరికి వెళ్లాం. బాగానే మాట్లాడారు, మా కస్టమర్లకు ఫోన్లు కూడా చేశారు. చివరికి ‘టీమ్ నచ్చింది, కానీ మార్కెట్ సైజు మా ఫండ్‌కు సరిపోదు’ అని మెయిల్. ఆ నెలలోనే రూపాయి అమ్మకం లేని ఇంకో కంపెనీకి వాళ్లే డబ్బులిచ్చినట్టు పేపర్లో చూశాను.

వ్యాపారం నడుస్తుంటే వద్దు, నడవకపోతే ముద్దా? ఈ లెక్క ఏంటో తెలిసినవాళ్లు చెప్పండి.

కోఠి_బస్టాప్

అన్నా, లెక్క ఏం లేదు. ఐఐటీ సర్టిఫికెట్ ఉంటే చెక్కు, లేకపోతే ఆల్ ది బెస్ట్.

మాజీ_అసోసియేట్ (బెంగళూరు)

కొన్నేళ్లు ఒక సీడ్ ఫండ్‌లో పనిచేశాను. ఇప్పుడు ఆ లైన్‌లో లేను కాబట్టి కాస్త తెరిచి చెప్పొచ్చు. కాలేజీ పేర్ల పిచ్చి ఉన్నమాట నిజం, కోఠి తమ్ముడితో దెబ్బలాడను. కానీ ఆ మెయిల్‌లో ‘మా ఫండ్‌కు’ అని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడుంది.

ముందు తెలుసుకోవాల్సింది, ఆ డబ్బు వాళ్లది కాదు. వీసీ (వెంచర్ క్యాపిటల్) ఫర్మ్ అంటే డబ్బు పోగుచేసి పెట్టుబడి పెట్టే మేనేజర్. డబ్బిచ్చేవాళ్లను ఎల్‌పీలు అంటారు: వ్యాపార కుటుంబాల ఆఫీసులు, కంపెనీలు అమ్ముకుని బయటపడ్డ ఫౌండర్లు, ఇన్సూరెన్స్ సంస్థలు, సిడ్బీ (చిన్న పరిశ్రమలకు సాయం చేసే ప్రభుత్వ సంస్థ) లాంటివి. ఫర్మ్ నడిపే పార్ట్‌నర్లు జీపీలు. ఫండ్‌కు మామూలుగా పదేళ్ల ఆయుష్షు ఉంటుంది. మొదటి మూడు నాలుగేళ్లలో కొత్త కంపెనీల్లో పెడతారు, తర్వాత వాటినే పోషిస్తారు, చివరి ఏళ్లలో అమ్మి తిరిగిస్తారు.

ఇప్పుడు రూ. 200 కోట్ల ఫండ్ అనుకుందాం. మేనేజ్‌మెంట్ ఫీజు ఏటా 2 శాతం, అంటే రూ. 4 కోట్లు. పెట్టుబడి కాలం అయ్యాక ఫీజు తగ్గుతుంది కానీ దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది, ఆడిట్, ట్రస్టీ, లాయర్ ఖర్చులున్నాయి. పదేళ్లకు అన్నీ కలిపి రూ. 40 కోట్ల దాకా పోతుంది. కంపెనీల్లోకి వెళ్లేది రూ. 160 కోట్లు. అందులో సుమారు సగం తర్వాతి రౌండ్లలో తమ వాటా నిలబెట్టుకోవడానికి పక్కన పెడతారు, దాన్ని రిజర్వ్ అంటారు. మిగిలిన రూ. 80 కోట్లతో తలా రూ. 4 కోట్ల చొప్పున 20 కంపెనీలు.

రిస్కు ఎక్కువ, పదేళ్లు డబ్బు బయటికి రాదు కాబట్టి ఎల్‌పీ మూడు రెట్లు అడుగుతాడు. అంటే రూ. 600 కోట్లు వెనక్కి రావాలి. రూ. 40 కోట్లు ముందే ఖర్చయిపోయాయని మర్చిపోవద్దు.

మీ కంపెనీ సంగతి. రూ. 4 కోట్లకు 15 శాతం తీసుకున్నారనుకోండి. తర్వాతి రౌండ్లలో కొత్తవాళ్లు వస్తారు, ఈసాప్ పూల్ (ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లు) పెరుగుతుంది. రిజర్వ్ మీ మీద వాడకపోతే 15 కాస్తా 12, తర్వాత తొమ్మిదిన్నర, అమ్మే నాటికి 8 శాతం దగ్గరికి దిగుతుంది. మీరు బ్రహ్మాండంగా చేసి 2,000 మిల్లులు పట్టుకున్నారు. ఏటా రూ. 12 కోట్లు. ఎవరో మంచి ధర ఇచ్చి రూ. 100 కోట్లకు కొన్నారు. మీ జీవితం మారిపోయింది, మీ ఊరు మీకు సన్మానం చేస్తుంది. ఫండ్‌కు వచ్చింది రూ. 8 కోట్లు. పెట్టినదానికి రెట్టింపే, కానీ రూ. 600 కోట్ల లక్ష్యంలో అది ఒకటిన్నర శాతం కూడా కాదు. ఒక్క కంపెనీతోనే రూ. 200 కోట్లూ తిరిగి రావాలంటే 8 శాతం వాటాతో ఆ కంపెనీ రూ. 2,500 కోట్లకు అమ్ముడుపోవాలి.

ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలో ప్రతి కంపెనీ గురించీ అడిగే ప్రశ్న ఇదే: అన్నీ కలిసొస్తే ఇది ఒక్కటే ఫండ్ మొత్తాన్ని తిరిగివ్వగలదా? రూపాయి అమ్మకం లేని కంపెనీ పోవచ్చు, బహుశా పోతుంది కూడా. కానీ నిలబడితే రూ. 2,500 కోట్లు అవుతుందని ఎవరో ఒక పార్ట్‌నర్ నమ్మించగలిగాడు. మీది పోదని అందరూ నమ్మారు, అంత పెద్దది అవుతుందని ఎవరూ నమ్మలేదు.

మిల్లు_కోడ్

చాలా థాంక్స్ సార్. ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అంటే మా వ్యాపారంలో లోపం లేదు, మేం తలుపు తట్టిన ఇల్లు వేరు. కానీ 20 కంపెనీల్లో చాలావరకు పోతాయని తెలిసీ ఎలా పెడతారు? మా నాన్న వింటే మిల్లు అమ్మి జూదం ఆడినట్టే అంటాడు.

రిటైర్డ్_బ్యాంకర్ (గుంటూరు)

మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పు లేదు బాబూ, మా బ్యాంకుల్లోనూ ఇదే మాట అనేవాళ్లం. బ్యాంకుకు నూరు అప్పుల్లో నాలుగు మునిగితే నిద్ర పట్టదు. ఎందుకంటే తొంభై ఆరు చక్కగా తిరిగొచ్చినా వడ్డీ మాత్రమే వస్తుంది, పదింతలు ఇచ్చే అప్పు ఒక్కటీ ఉండదు. వాటా కొన్నవాడికి నష్టం పెట్టినంత వరకే, లాభానికి పైకప్పు లేదు.

ఈ పద్ధతికి పాత ఉదాహరణ బోస్టన్‌ది. 1946లో జార్జెస్ డోరియో అనే హార్వర్డ్ ప్రొఫెసర్, మరికొందరు కలిసి ఏఆర్‌డీ అనే సంస్థ పెట్టారు. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో 70 వేల డాలర్లు పెట్టి 70 శాతం వాటా తీసుకున్నారు. 1960ల చివరికి ఆ వాటా విలువ 35 కోట్ల డాలర్లు దాటింది. వాళ్ల మిగతా పెట్టుబడులన్నీ దీని ముందు దిగదుడుపే. ఆ రోజుల్లో 70 శాతం అడిగేవాళ్లని కూడా గమనించండి, ఇప్పుడు ఎవరైనా అడిగితే పారిపోండి.

మన దగ్గర ఇది ప్రభుత్వ సంస్థలతో మొదలైంది. 1988లో ఐసీఐసీఐ, యూటీఐ కలిసి బెంగళూరులో టీడీఐసీఐ పెట్టాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో గుజరాత్‌లో ఒకటి, కెనరా బ్యాంకు వాళ్లది ఒకటి, మన హైదరాబాద్‌లో ఏపీఐడీసీ వెంచర్ క్యాపిటల్ వచ్చాయి. ఆ హైదరాబాద్ సంస్థే తర్వాత ప్రైవేటు చేతుల్లో వెంచరీస్ట్‌గా ఎదిగింది. వీసీ అంటే బెంగళూరు సరుకు అనుకునే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు.

కోఠి_బస్టాప్

సార్, అదంతా చరిత్ర. మన పిల్లలకు ఇప్పుడు ఎవరిస్తున్నారు చెప్పండి.

గోదారిగట్టు

ఇస్తున్నారండి. రెడ్‌బస్ ఫణీంద్ర సామ మన తెలంగాణ కుర్రాడే కదా. 2006లో బెంగళూరులో మొదలెట్టాడు. సీడ్‌ఫండ్ అనే చిన్న ఫండ్ మొదట పెట్టింది, తర్వాత ఇన్వెంటస్, హెలియన్ వచ్చాయి. 2013లో ఇబిబో గ్రూప్ కొనేసింది. అప్పటికి మన దేశంలో చిన్న ఫండ్లకు చేతికి డబ్బొచ్చిన ఉదాహరణలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందుకే అది పెద్ద వార్త అయింది.

హైదరాబాద్‌లోనే చూస్తే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ చేసే డార్విన్‌బాక్స్ 2015లో పుట్టింది, మొదట్లో నమ్మినవాళ్లలో ఇక్కడి ఎండియా పార్ట్‌నర్స్ అనే ఫండ్ ఒకటి. 2022 జనవరికి వంద కోట్ల డాలర్ల కంపెనీ అయింది. స్కైరూట్ ఇంకా చిత్రం. 2018లో ఇస్రో నుంచి బయటికొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు రాకెట్ చేస్తామన్నారు. మొదటి చెక్కు ఏ పెద్ద ఫండూ ఇవ్వలేదండి, మింత్రా పెట్టిన ముకేశ్ బన్సల్ ఇచ్చాడు. తర్వాతి రౌండ్‌కు గ్రీన్‌కో ఫౌండర్లు ముందుకొచ్చారు. 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ ఎగిరింది. ఆ ఏడాదే సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ కూడా వచ్చింది.

ఇలాంటివాటికి పదేళ్ల ఫండ్ చాలదు. అందుకే మొదటి డబ్బు సొంత డబ్బున్నవాడి దగ్గర్నుంచి వస్తుంది. ఎవడికీ లెక్క చెప్పక్కర్లేదు కదా.

డల్లాస్_బావ

ఎల్‌పీ వైపు నుంచి నేను చెప్తాను, ఎవరికైనా ఆశ ఉంటే పనికొస్తుంది. ఇండియాలో ఒక చిన్న ఫండ్‌లో పెట్టాను. ఏఐఎఫ్‌లో (సెబీ దగ్గర రిజిస్టర్ అయ్యే ఇలాంటి ప్రైవేటు ఫండ్‌లో) కనీసం రూ. 1 కోటి కమిట్ చేయాలి, అది సెబీ 2012 రూల్. కోటి ఒకేసారి ఇవ్వం. వాళ్లు ఒక కంపెనీ దొరికినప్పుడల్లా 10 శాతం పంపు, 15 శాతం పంపు అని నోటీసు ఇస్తారు, దాన్ని డ్రాడౌన్ అంటారు. చీటీలాగా నెలనెలా తెలిసిన తేదీకి కాదు, వాళ్లు పిలిచినప్పుడు కట్టాలి. ఆలస్యమైతే పెనాల్టీ, అసలే కట్టకపోతే పెట్టినది కూడా కోసేస్తారు.

మొదటి మూడేళ్లు స్టేట్‌మెంట్ చూస్తే టెన్షన్. ఫీజులు మొదటి రోజు నుంచీ పోతుంటాయి, మూతపడే కంపెనీలు త్వరగా మూతపడతాయి, గెలిచేవి ఏడెనిమిదేళ్లకు గానీ తేలవు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని ‘ఆ పోయిన డబ్బు’ అనే అంటుంది.

మిల్లు_కోడ్

బావగారూ, ఆ కాగితం మీద లాభం చూపిస్తారు కదా, దాన్ని నమ్మొచ్చా?

డల్లాస్_బావ

టీవీపీఐ అని ఒక నంబర్ ఉంటుంది. ఇప్పటిదాకా ఇచ్చిన డబ్బు, ఇంకా అమ్మని వాటాల విలువ రెండూ కలిపి పెట్టుబడికి ఎన్ని రెట్లో చెప్తుంది. డీపీఐ అంటే నా బ్యాంకు ఖాతాలోకి నిజంగా వచ్చింది మాత్రమే. నేను చూసేది డీపీఐ. మా ఫండ్‌లో టీవీపీఐ 2.1, డీపీఐ 0.3. ఇక మీరే అర్థం చేసుకోండి.

మాజీ_అసోసియేట్ (బెంగళూరు)

బావగారు మంచి పాయింట్ ఎత్తారు, ఫర్మ్ ఎలా పెరుగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదటి ఫండ్ డబ్బు మూడో ఏడాదికి చాలావరకు పెట్టేస్తారు. కొత్త కంపెనీల్లో పెట్టడానికి ఇక మిగలదు కాబట్టి రెండో ఫండ్ కోసం మళ్లీ ఎల్‌పీల దగ్గరికి వెళ్లాలి. అప్పటికి ఏ కంపెనీ అమ్ముడుపోలేదు, చేతిలో డీపీఐ లేదు. చూపించగలిగింది ఒకటే: మేం రూ. 25 కోట్ల వాల్యుయేషన్‌కు కొన్న కంపెనీలో పెద్ద ఫర్మ్ ఒకటి రూ. 120 కోట్ల వాల్యుయేషన్‌కు పెట్టిందని. దీన్ని మార్కప్ అంటారు.

మీ సీడ్ ఇన్వెస్టర్ 15, 18 నెలలకే ‘సిరీస్ ఏకి (సీడ్ తర్వాతి పెద్ద రౌండ్‌కు) రెడీ అవ్వండి’ అని వెంటపడుతున్నాడంటే అందులో మీ మేలు కొంత, ఆయన రెండో ఫండ్ కొంత. నేనున్న ఫర్మ్‌లో ఒక ఫౌండర్‌కు నెమ్మదిగా వెళ్దామని ఉండేది. సోమవారం మీటింగుల్లో అతని పేరు వచ్చినప్పుడల్లా వాతావరణం మారిపోయేది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, క్యాలెండర్ అలా ఉంది.

రెండో ఫండ్ పెద్దది, మూడోది ఇంకా పెద్దది. బ్లూమ్ వెంచర్స్ చూడండి, మొదటి ఫండ్ సుమారు 2 కోట్ల డాలర్లు. 2022లో నాలుగో ఫండ్ 25 కోట్ల డాలర్లు దాటింది. ఫండ్ పెరిగితే చెక్కు సైజు పెరగక తప్పదు. పార్ట్‌నర్‌కు రోజుకు ఇరవై నాలుగు గంటలే, ఒక మనిషి పది పన్నెండు బోర్డుల కంటే ఎక్కువ చూడలేడు. రూ. 100 కోట్ల ఫండ్‌లో రూ. 2 కోట్ల చెక్కులు రాసిన మనిషి, రూ. 1,000 కోట్ల ఫండ్‌లో రూ. 2 కోట్లవి 250 రాయలేడు. కాబట్టి రూ. 15 కోట్ల చెక్కులకు వెళ్తాడు. కింద ఖాళీ అయిన చోటికి కొత్తగా రూ. 100 కోట్ల ఫండ్ పెట్టుకుని ఇంకొకరు వస్తారు, చాలాసార్లు పాత ఫర్మ్‌లోంచి బయటికొచ్చినవాళ్లే.

పెద్దవాళ్లు ఆ ఖాళీని పూర్తిగా వదలరు కూడా. సికోయా ఇండియా 2019లో సర్జ్ అనే సీడ్ ప్రోగ్రామ్ పెట్టింది అందుకే. ఆ ఫర్మే 2023లో విడిపోయి పీక్ ఫిఫ్టీన్ అయింది.

గోదారిగట్టు

పెద్ద ఫర్మ్ దగ్గర సీడ్ తీసుకోవడంలో ఒక ప్రమాదం ఉందండి, ఎవరూ చెప్పరు. వాళ్లకు అది చిల్లర డబ్బు. తర్వాతి రౌండ్‌లో వాళ్లు మళ్లీ పెట్టకపోతే బయటివాళ్లంతా ‘లోపలున్న పెద్దాయనే వద్దన్నాడంటే ఏదో ఉంది’ అనుకుంటారు. చిన్న ఫండ్ మళ్లీ పెట్టకపోతే ఎవరూ పట్టించుకోరు, వాళ్ల దగ్గర డబ్బు లేదని అందరికీ తెలుసు.

ఫీజుల_మీద_కోపం

నాకొకటి అర్థం కాదు. కంపెనీలు మునిగినా ఏటా 2 శాతం వాళ్లకు గ్యారంటీ. రూ. 1,000 కోట్ల ఫండ్ అయితే ఏటా రూ. 20 కోట్లు. ఇంక కష్టపడి కంపెనీలు గెలిపించాల్సిన అవసరమేముంది? పెద్ద ఫండ్ తర్వాత పెద్ద ఫండ్ లేపుకుంటూ పోతే చాలదా?

మాజీ_అసోసియేట్ (బెంగళూరు)

పెద్ద ఫండ్ల విషయంలో మీ విమర్శ సగం పైనే కరెక్ట్. అమెరికాలోనూ ఎల్‌పీలు ఇదే గొడవ చేస్తారు. పీక్ ఫిఫ్టీన్ 2022లో 285 కోట్ల డాలర్లు సేకరించి, 2024లో అందులో 46.5 కోట్ల డాలర్లు తగ్గించుకుంది. దానంతటది ఫండ్ చిన్నది చేసుకోవడం అరుదు.

చిన్న ఫండ్‌లో మాత్రం ఫీజుతో ఎవరూ బాగుపడరు. రూ. 100 కోట్ల ఫండ్‌కు ఏటా రూ. 2 కోట్లు. ఇద్దరు పార్ట్‌నర్లు, నలుగురైదుగురు టీమ్, ఆఫీసు, ప్రయాణాలు, కాంప్లయన్స్. మొదటి ఫండ్ పార్ట్‌నర్లు చాలామంది పాత ఉద్యోగంలో కంటే తక్కువ తీసుకుంటారు. వాళ్లు చూసేది క్యారీ. ఎల్‌పీలకు అసలు తిరిగిచ్చి, పైన ఏటా 8 నుంచి 10 శాతం హర్డిల్ (ముందు ఎల్‌పీలకు ఇవ్వాల్సిన కనీస రాబడి) దాటాక, మొత్తం లాభంలో 20 శాతం. రూ. 200 కోట్లు రూ. 600 కోట్లు అయితే లాభం రూ. 400 కోట్లు, క్యారీ రూ. 80 కోట్లు. అది చూడాలంటే ఎనిమిది, పదేళ్లు ఆగాలి. క్యారీ చెక్కు ఒక్కటీ చూడకుండానే ఫీల్డ్ వదిలినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఫీజుల_మీద_కోపం

సరే, చిన్నవాళ్ల మీద కోపం తగ్గించుకుంటా. పెద్దవాళ్ల మీద అలాగే ఉంచుకుంటా.

వైజాగ్_టు_ఫండ్

చాన్నాళ్లుగా ఏంజెల్‌గా, అంటే సొంత డబ్బుతో స్టార్టప్‌లలో, చిన్న చిన్న చెక్కులు పెడుతున్నాను. స్నేహితులు ‘మా డబ్బు కూడా నువ్వే చూడు’ అంటున్నారు. సొంతంగా చిన్న ఫండ్ పెట్టాలంటే ఏం కావాలి?

బెజవాడ_సీఏ

స్నేహితుల డబ్బు మీ ఖాతాలో వేసుకుని మీ పేరు మీద పెట్టడం మాత్రం ఈ రోజే ఆపండి. వాటా ఎవరిదో, పన్ను ఎవరిదో రేపు ఎవరూ తేల్చలేరు.

దారి ఏఐఎఫ్ రిజిస్ట్రేషన్. వెంచర్ ఫండ్ అయితే కేటగిరీ 1, కొందరు కేటగిరీ 2 కూడా తీసుకుంటారు. ఎక్కువగా ట్రస్ట్‌గానే పెడతారు. స్కీమ్‌కు కనీసం రూ. 20 కోట్లు ఉండాలి, వెయ్యి మందికి మించి ఎల్‌పీలు ఉండకూడదు, ఒకే కంపెనీలో 25 శాతం కంటే ఎక్కువ పెట్టకూడదు. మీ సొంత డబ్బు ఫండ్‌లో 2.5 శాతం లేదా రూ. 5 కోట్లు, ఏది తక్కువైతే అది, చివరిదాకా లోపలే ఉండాలి. ఎల్‌పీల ముందు అసలు పరీక్ష ఇదే. నీ డబ్బు ఎంత ఉంది అనేది మొదటి ప్రశ్న.

సిడ్బీ చూసే ఫండ్ ఆఫ్ ఫండ్స్ 2016లో రూ. 10,000 కోట్లతో మొదలైంది, 2025 బడ్జెట్‌లో ఇంకో రూ. 10,000 కోట్లు ప్రకటించారు. వాళ్లు నేరుగా స్టార్టప్‌లకు ఇవ్వరు, మీలాంటి ఫండ్లకు ఇస్తారు. వాళ్లిచ్చిన దానికి కనీసం రెట్టింపు మీరు గుర్తింపు పొందిన స్టార్టప్‌లలో పెట్టాలి. వాళ్ల పేరు ఉంటే మిగతా ఎల్‌పీలకు ధైర్యం. కాకపోతే పరిశీలన నెలలు పడుతుంది, వాళ్ల డబ్బు మీదే మొదటి క్లోజ్ (మొదటి విడత ఎల్‌పీల డబ్బు ఖాయం చేసి ఫండ్ మొదలెట్టడం) ప్లాన్ చేసుకోకండి.

రిటైర్డ్_బ్యాంకర్ (గుంటూరు)

సీఏ గారు చెప్పనిది ఒకటి నేను కలుపుతాను. అమెరికాలో యూనివర్సిటీ నిధులు, పెన్షన్ నిధులు దశాబ్దాలుగా వీసీల్లో పెడుతున్నాయి. ఇక్కడ అలాంటి ఓపిక గల డబ్బు తక్కువ. ఏ సంగారెడ్డిలోనో ఫ్యాక్టరీ ఉన్న ఆసామి కోటి రూపాయలు ఇచ్చి రెండేళ్లకే ‘ఏమైంది’ అని ఫోన్ చేస్తాడు. ఆయన్ని పదేళ్లు పట్టి ఉంచడమే చిన్న ఫండ్ పార్ట్‌నర్‌కు సగం పని. కంపెనీలు వెతకడం మిగతా సగం.

మిల్లు_కోడ్

థ్రెడ్ ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఈలోగా ఒక కబురు. మా కస్టమర్లలో ఒక పెద్ద మిల్లరు, ఆయన బంధువు ఒకాయన కలిసి కోటి రూపాయలు పెడతామన్నారు. వాళ్ల లాయర్ రెండు రకాలు పంపాడు: ఒకటి ఐసేఫ్, రూ. 20 కోట్ల క్యాప్‌తో. రెండోది ఇప్పుడే షేర్లు, లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ‘పార్టిసిపేటింగ్’ అని ఉంది. తేడా ఏంటి సార్?

బెజవాడ_సీఏ

రెండోదాని నుంచి మొదలుపెడతా, ప్రమాదం అక్కడుంది. కంపెనీ అమ్మితే ముందు ఎవరికి ఎంత అనేది లిక్విడేషన్ ప్రిఫరెన్స్. లెక్క తేలికగా ఉండటానికి రూ. 4 కోట్లకు 20 శాతం ఇచ్చారనుకుందాం, కంపెనీ రూ. 10 కోట్లకే అమ్ముడుపోయింది. నాన్ పార్టిసిపేటింగ్ అయితే ఇన్వెస్టర్ తన రూ. 4 కోట్లు తీసుకోవాలి, లేదా 20 శాతం కింద రూ. 2 కోట్లు. ఆయన 4 తీసుకుంటాడు, మీకు 6. పార్టిసిపేటింగ్ అయితే ముందు 4, మిగిలిన 6లో మళ్లీ 20 శాతం. ఆయనకు రూ. 5.2 కోట్లు, మీకు 4.8. సీడ్‌లో ఒక రెట్టు నాన్ పార్టిసిపేటింగ్ మామూలు, దానికి ఒప్పుకోండి. పార్టిసిపేటింగ్ కొట్టేయించండి. మిల్లరు గారికి ఆ మాటకు అర్థం తెలిసి ఉండదు, లాయర్ పాత ఫార్మాట్‌లోంచి వచ్చి ఉంటుంది.

ఐసేఫ్ అంటే అమెరికాలో వై కాంబినేటర్ 2013లో తెచ్చిన సేఫ్‌కు మన చట్టానికి సరిపడే రూపం. 2019లో 100ఎక్స్ వీసీ తెచ్చింది. కాగితం మీద అవి సీసీపీఎస్, అంటే తప్పనిసరిగా షేర్లుగా మారాల్సిన ప్రిఫరెన్స్ షేర్లు. ఇప్పుడు వాల్యుయేషన్ గొడవ ఉండదు, తర్వాతి రౌండ్‌లో షేర్లుగా మారతాయి. క్యాప్ అంటే అలా మారేటప్పుడు లెక్కగట్టే గరిష్ఠ వాల్యుయేషన్. ఆ రూ. 20 కోట్లు అన్నది పెట్టుబడి కలిపిన విలువ అయితే కోటికి కనీసం 5 శాతం పోతుంది. కలపకముందు విలువ అయితే కాస్త తక్కువ. ఏదో రాయించుకోండి, దీని మీదే తర్వాత గొడవలొస్తాయి.

షేర్లు కేటాయించిన 15 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర పీఏఎస్-3 ఫారం వేయండి. బంధువు గారు ఎన్నారై అయితే 30 రోజుల్లో ఆర్‌బీఐకి ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం కూడా. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లు విలువకు మించిన ధరకు ఇస్తే కంపెనీ మీద వేసే పన్ను) భయం అక్కర్లేదు, 2024 బడ్జెట్‌లో తీసేశారు.

కోఠి_బస్టాప్

మిల్లు అన్నా, కోటి సరిపోతుందా? 4 కోట్లు అన్నావు కదా.

మిల్లు_కోడ్

ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఇప్పటికి పక్కన పెడుతున్నా తమ్ముడూ. కోటితో గోదావరి జిల్లాలు, నెల్లూరు చేస్తాం. ఇంకొంచెం కావాలంటే ష్యూరిటీ లేని లోన్ కోసం సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ గ్యారంటీ పథకం కింద మా బ్యాంకు మేనేజర్ ఒప్పుకునేలా ఉన్నాడు, లాభాల్లో ఉన్న కంపెనీ కాబట్టి ఆయనకు మా లెక్క నచ్చింది. మిల్లర్ల మధ్య నూక, తవుడు అమ్మకాలు మా సాఫ్ట్‌వేర్ మీదే నడిపించాలని ఒక ఆలోచన ఉంది. అది పట్టాలెక్కితే మార్కెట్ సైజు మారిపోతుంది, అప్పుడు మళ్లీ ఫండ్ల దగ్గరికి వెళ్తా.

చివరి ప్రశ్న. అప్పుడు వెళ్లేముందు ఆ ఫండ్ సైజు, ఏ ఏడాదిలో ఉందో ఎలా తెలుస్తుంది?

మాజీ_అసోసియేట్ (బెంగళూరు)

సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన ఏఐఎఫ్‌ల జాబితా ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబర్‌లోనే కేటగిరీ, ఆర్థిక సంవత్సరం కనిపిస్తాయి. కానీ పాత రిజిస్ట్రేషన్ కిందే కొత్త స్కీమ్ పెట్టొచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోకండి, నేరుగా అడగండి. ఇది ఎన్నో ఫండ్, మొదటి క్లోజ్ ఎప్పుడు, ఇంకా ఎన్ని కొత్త చెక్కులు మిగిలాయి, రిజర్వ్ ఎంత. మొదటి మీటింగ్‌లోనే అడగొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు. మూడున్నరేళ్లు దాటిన ఫండ్ అయితే కొత్తగా పెట్టడానికి డబ్బు ఉండకపోవచ్చు, మార్కెట్ తెలుసుకోవడానికి మీతో మాట్లాడుతుండొచ్చు. నూక, తవుడు ఐడియా డెక్ (ఇన్వెస్టర్లకు చూపే ప్రెజెంటేషన్) మొత్తం పంపేముందు ఇది తేల్చుకోండి.

డల్లాస్_బావ

ఆ డెక్ రెడీ అయ్యాక నాకూ ఒకటి పంపు బావా. మా ఆవిడకు చెప్పొద్దు.